తొలి వినికిడి - మలి వినికిడి

పద్యము తొలిచూపునకు లొంగకపోయినను పాఠకుడు దానిని అంత సులభముగా విడిచిపెట్టడు. అన్వయము కుదరనిచోట ఆగును, నిఘంటువు తిరుగవేయును, వ్యాఖ్యానమును ఆశ్రయించును. నాలుగు మారులు చదివిన పిమ్మట పద్యము విచ్చుకొన్నప్పుడు, లోపము పద్యమున లేదనియు, తన సంసిద్ధతయందే ఉండెననియు గ్రహించును. పుస్తకము అలమారలో ఓర్పుతో వేచియుండును గనుక దానికి ఈ అవకాశము ఎప్పుడును ఉన్నది. పాట సంగతి వేరు. అది చెవిని దాటిపోవు వస్తువు. ఒకసారి నచ్చలేదన్న ముద్ర పడెనా, మరల దానిని వెదకికొని పోయి వినువారు అరుదు.

అందునను హిప్ హాప్ వంటి కొత్త సంగీతమునకు ఈ కష్టము మరింత ఎక్కువ. రాగము లేదు, పాడుటకు బదులు మాటలాడుదురు, వెనుక వినిపించు వాద్యములు సైతము ఇతరుల రికార్డులనుండి తెచ్చినవి, మాటలలో మర్యాద తక్కువ. సంప్రదాయాభిమాని యైన శ్రోత దీనిపై మోపు నేరములు ఇవి. వీనిలో కొన్ని నిజములే. అయినను నేరము మోపినంతమాత్రమున విచారణ ముగిసినట్లు కాదు. విచారణ మరల జరిగినచో తీర్పు ఎట్లు మారగలదో, ఆ మార్పు ఆలస్యముగా వచ్చుటవలన కలుగు నష్టమెట్టిదో తెలియుటకు 1989 జూలై 25న అమెరికాలో వెలువడిన ‘పాల్స్ బొటీక్’ అను ఆల్బమ్ చరిత్ర మంచి ఉదాహరణము.

రికార్డే వాద్యమైన కళ

హిప్ హాప్ న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతమున, పేదవారి ఇండ్ల నడుమ పుట్టినది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్టుమెంటు భవనమున, జమైకానుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు రికార్డులు వినిపించిన వినోదసభను దీని జన్మదినముగా లెక్కించుట ఆచారమైనది. అతడు గమనించిన సంగతి ఒక్కటే. పాటలో గాత్రము ఆగి, డ్రమ్ములు మాత్రమే మ్రోగు కొద్ది క్షణములలో నర్తకుల ఉత్సాహము మిన్నుముట్టును. ఆ క్షణములను పొడిగించుటకై ఒకే రికార్డు ప్రతులను రెండింటిని తెచ్చి, రెండు యంత్రములపై నుంచి, ఒకదాని తరువాత నొకదానిని మార్చి మార్చి వినిపించుట అతడు అలవరచుకొనెను. ఖరీదైన వాద్యములు కొనలేని వారికి రికార్డే వాద్యమయ్యెను. ఆ లయపై ప్రాసలు కూర్చి మాటలాడుటయే ర్యాప్.

తరువాతి దశాబ్దమున శాంపిలర్ అను యంత్రము కళాకారుల చేతికి అందినది. పాత రికార్డులోని రెండు మూడు సెకనుల తునకను దానిలో భద్రపరచి, కోరినన్ని మారులు, కోరిన వేగముతో పలికింపవచ్చును. ఆ తునకకే శాంపిల్ అని పేరు. ఒకరి డ్రమ్ము, వేరొకరి గిటారు, మూడవవారి గాత్రములోని ఒక కేక - ఇవి కలిసి నాలుగవ పాట యగును. ఎరువు సొమ్ములే అయినను, వానిని కూర్చిన హారము కొత్తది.

శ్రోతల విముఖతకు కారణములు

‘పాల్స్ బొటీక్’ను రచించినవారు బీస్టీ బాయ్స్ అను బృందము. ఆడమ్ యౌక్, మైకెల్ డైమండ్, ఆడమ్ హొరోవిట్జ్ అను ముగ్గురు న్యూయార్కు యువకులు అందలి సభ్యులు. మువ్వురును తెల్లజాతివారు. మొదట పంక్ సంగీతము వాయించి, పిమ్మట హిప్ హాప్‌లోనికి వచ్చిరి. 1986 నవంబరులో వెలువడిన వీరి తొలి ఆల్బమ్ ‘లైసెన్స్‌డ్ టు ఇల్’ మరుసటి సంవత్సరము మార్చిలో బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానము నందుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి ర్యాప్ ఆల్బమ్ అదియే.

ఆ విజయము వీరికి వరమును శాపమును అయినది. బిగ్గరగా మ్రోగు గిటార్లు, త్రాగుడు, అల్లరి, స్త్రీలను చులకన చేయు పరిహాసములు - వీరి పేరు వినగానే జనమునకు గుర్తువచ్చునది ఇదియే. అల్లరి కుర్రవాండ్రను వెక్కిరించుటకై తాము వేసిన వేషము క్రమముగా తమకే అంటుకొన్నదని వారే తరువాత ఒప్పుకొనిరి. 1987 మే నెలలో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున వీరి ప్రదర్శన కొద్ది నిమిషములలోనే గలభాగా ముగిసినది. ఇక మరియొక సందేహము వీరిని మొదటినుండియు వెన్నంటినది. నల్లజాతివారు కష్టముల నడుమ కల్పించుకొన్న కళను తెల్లజాతి కుర్రవాండ్రు ఆటగా తీసికొని లాభపడుచున్నారా? ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు.

కావున రెండవ ఆల్బమ్ వచ్చునప్పటికి శ్రోతలు రెండు వర్గములుగా చీలియుండిరి. మొదటి ఆల్బమును మెచ్చినవారు మరల అదే అల్లరిని ఆశించిరి. దానిని రోసినవారు వీరివైపు చెవి యొగ్గుటకే నిరాకరించిరి. రెండు వర్గములును క్రొత్త ఆల్బమును వినక పూర్వమే దానిని గూర్చి ఒక నిశ్చయమునకు వచ్చియుండుట గమనింపదగినది.

లాస్ ఏంజెలిస్ నగరములో రచన

తొలి ఆల్బమును ప్రచురించిన సంస్థతో రాబడి విషయమై తగవు రాగా బృందము ఆ సంస్థను విడిచి, కాపిటల్ రికార్డ్స్‌తో ఒడంబడిక చేసికొని, లాస్ ఏంజెలిస్ నగరమునకు తరలినది. అచట వారికి మైకెల్ సింప్సన్, జాన్ కింగ్ అను ఇద్దరు తటస్థపడిరి. సోదరులు కాకపోయినను డస్ట్ బ్రదర్స్ అను పేరుతో వారు ప్రసిద్ధులు. మాట్ డైక్ అను మరియొకనితో కలిసి వారు అప్పటికే, మాటలు లేకుండ వాద్యసంగీతముగనే వెలువరింపదలచి, కొన్ని రచనలు సిద్ధము చేసియుండిరి. అవి శాంపిల్‌లతో క్రిక్కిరిసినవి. మాటలకు చోటు చాలదేమో యని తలచి, వానిని పలుచన చేసి ఇత్తుమని వారు చెప్పగా, ఉన్నవి ఉన్నట్లే కావలెనని బృందమువారు పట్టుబట్టిరి. ఆల్బమ్ యొక్క స్వభావమంతయు ఈ పట్టుదలలోనే నిర్ణయమైనది.

ఇందు వాడిన పాత పాటల తునకలు నూటికి పైబడినవి. ఆనాటి యంత్రములకు జ్ఞాపకశక్తి స్వల్పము. ఒక్కొక్క తునకను సిద్ధపరచి, లయ తప్పకుండ టేపుపై వేరు వేరు వరుసలలో ఎక్కించి, తరువాత ఏ క్షణమున ఏ వరుస వినబడవలెనో చేతితో తెరచుచు మూయుచు పాటను కూర్చవలసియుండెను. వినునప్పుడు అలవోకగా తోచు ఈ రచన వెనుక ఇంతటి శ్రమ దాగియున్నది.

ఫలితము మాత్రము నిరాశాజనకమయ్యెను. ఆల్బమ్ బిల్‌బోర్డు పట్టికలో 14వ స్థానమును దాటలేదు. మొదటి దానితో పోల్చిచూచిన వ్యాపారులకు ఇది ఓటమియే. సంస్థలో అధికారులు మారిరి, ప్రచారము సన్నగిల్లెను. విమర్శకులలో కొందరు తొలినాడే దీని గొప్పతనమును గుర్తించిరి. కాని జనము వారి మాట వినలేదు. నల్లజాతి కళాకారులు బయటికి చెప్పుకొనకపోయినను, ఆనాటి లయరచనలలో దీనిదే పైచేయి యని లోలోపల అంగీకరించుచుండిరని పబ్లిక్ ఎనిమీ బృంద నాయకుడు చక్ డి తరువాత వెల్లడించెను. తొలి విచారణలో ఆ సాక్ష్యము వినబడలేదు.

మలి వినికిడిలో తేలునది

మొదటిమారు విన్నప్పుడు ఈ ఆల్బమ్ సంతలోని రొదవలె తోచును. ఒక వాద్యమునకు చెవి అలవాటు పడునంతలో అది మాయమై వేరొకటి వచ్చును. మాటలు వడివడిగా దొర్లిపోవును. అర్థము పట్టుబడక శ్రోత విసుగుకొనును. రెండవమారు, ఏమి జరుగనున్నదో కొంత తెలిసి విన్నప్పుడు, ఆ రొదలో ఒక క్రమమున్నదని గోచరించును.

మొదట తెలియవచ్చునది ముగ్గురి గొంతుల పొందిక. ఒకడు వాక్యము నెత్తుకొనును. రెండవవాడు దానిని నడుపును. చివరి ప్రాసపదమునందు ముగ్గురును కలిసి పడుదురు. బుర్రకథలో కథకుడు ఊపిరి తీసికొను తావున వంతలు అందుకొని కథను జారిపోనీయకుండ నిలుపుట తెలుగువారికి పరిచితమే. ఇందు భేదమేమనగా, కథకు డెవడో, వంత యెవడో నిర్ణయము లేదు. పాత్రలు పాదపాదమునకు మారుచుండును.

తరువాత తెలియునది శాంపిల్‌ల ఎన్నిక. ‘ది సౌండ్స్ ఆఫ్ సైన్స్’ అను పాటలో బీటిల్స్ బృందము యొక్క వేరు వేరు పాటలనుండి తీసిన తునకలు ఒకదాని ప్రక్క నొకటి నిలిచి సంభాషించును. మూలములను ఎరిగిన శ్రోతకు ప్రతి తునకయు ఒక జ్ఞాపకము. ఎరుగని శ్రోతకు అది కొత్త సంగీతము. ఒకే పాట రెండు విధముల వినబడుట శ్లేషకావ్యమునందలి అర్థద్వయమును తలపించును.

మూడవది మానవుడు. ‘జానీ రయాల్’ అను పాట ఇల్లు లేక న్యూయార్కు వీధిలో కాలము గడుపు ఒక మనిషిని గూర్చినది. మైకెల్ డైమండ్ నివసించిన ఇంటి మెట్లపై పడుకొను ఒక మనిషియే దానికి ప్రేరణ. అతడు తానొకప్పుడు గొప్ప పాట కట్టితినని చెప్పుకొనును, లోకము నమ్మదు. అల్లరి తప్ప మరేమియు ఎరుగరని పేరుపడిన యువకులు ఇట్టివానిని చూచి ఆగిరనుటయే ఒక విశేషము. పాటలో నవ్వు ఉన్నది; ఆ నవ్వు చివరకు వచ్చునప్పటికి శ్రోత గొంతులోనే ఆగిపోవును. తొలి వినికిడిలో నవ్వు మాత్రమే వినబడును.

నాలుగవది నిర్మాణము. చివర వచ్చు ‘బి-బాయ్ బూయబేస్’ అను రచన పండ్రెండు నిమిషములకు పైబడి సాగును. బూయబేస్ అనగా పలురకముల చేపలతో వండు ఫ్రెంచి పులుసు. పేరునకు తగినట్లు తొమ్మిది చిన్న పాటలు అందు కలిసిపోయినవి. ఆ రచన ముగియుచుండగా ఆల్బమ్ ప్రారంభమున వినిపించిన మెత్తని సంగీతమే తిరిగి వచ్చును. కావున ఇది పాటల మూట కాదు. ఆద్యంతములు ముడిపడిన ఒక ప్రబంధము. ఈ సంగతి మొదటినుండి తుదివరకు ఒక్క పట్టున విన్నవారికే తెలియును. అందొక పాటను రేడియోలో విని ఊరుకొన్నవారికి తెలియదు.

దొంగతనమా, రచనయా?

ఇతరుల రికార్డులనుండి ధ్వనులను తీసికొనుట చౌర్యము కాదా అను ప్రశ్న మిగిలియున్నది. మన ఆలంకారికులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో శబ్దహరణ, అర్థహరణములను గూర్చి ప్రత్యేకముగా అధ్యాయములే వ్రాసెను. అతనికి పూర్వుడైన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోక’ చతుర్థోద్ద్యోతమున కవుల నడుమ కనబడు పోలికలను మూడు తెగలుగా విభజించెను. అద్దములోని నీడవంటి పోలిక ఒకటి. చిత్తరువు వంటి పోలిక రెండవది. ఇద్దరు మనుష్యుల ఆకారములు ఒకదానినొకటి పోలియుండుట వంటిది మూడవది. మొదటి రెండింటిని కవి విడువవలెను. మూడవదానిని విడువ పనిలేదు. ఏలయన అందు ప్రాణము వేరు.

ఈ గీటురాయిపై శాంపిల్‌ను గీసి చూచినచో ఒక చిత్రమైన ఫలితము కనబడును. తునకను విడిగా చూచినచో అది నీడ కాదు గదా, సాక్షాత్తు మూలమే. అయినను ఇరువది తునకలు కలిసి ఒక పాట యైనప్పుడు ఆ పాట వానిలో ఏ యొక్క దానిని పోలియుండదు. వస్తువు పరాయిది, ప్రాణము సొంతము. ఆలంకారికుడు శంకింపని చోటు ఇది. న్యాయవాది శంకించు చోటును ఇదియే.

బీస్టీ బాయ్స్ వాడిన తునకలలో అధికభాగమునకు అనుమతులు పొందియే యుండిరి. ఆనాడు అనుమతి సులభము, వెలయు స్వల్పము. రెండున్నర యేండ్లలో పరిస్థితి తలక్రిందులయ్యెను. బిజ్ మార్కీ అను ర్యాప్ గాయకుడు గిల్బర్ట్ ఓసల్లివన్ పాటలోని భాగమును అనుమతి లేకుండ వాడుకొన్నాడని నడచిన వ్యాజ్యమున 1991 డిసెంబరులో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. దొంగిలరాదన్న బైబిలు ఆజ్ఞతో న్యాయమూర్తి ఆ తీర్పును ప్రారంభించెను. ఆల్బమ్ అమ్మకము నిలిచిపోయెను. నాటినుండి ప్రతి తునకకు ముందుగా అనుమతియు వెలయు చెల్లింపవలసిన రోజులు వచ్చినవి. 2005లో ఒక అప్పీలు న్యాయస్థానము రెండు సెకనుల గిటారు ధ్వనికి సైతము అనుమతి కావలెననెను. 2016లో వేరొక అప్పీలు న్యాయస్థానము దానితో విభేదించెను. వివాదము తీరలేదు గాని, నూరు తునకలతో ఒక ఆల్బమును కూర్చు సాహసము సామాన్య కళాకారునికి అందనిదయ్యెను.

న్యాయము ఒకవైపుననే ఉన్నదనుట సరికాదు. జేమ్స్ బ్రౌన్ బృందములో డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1970లో వెలువడిన ఒక పాటలో వాయించిన కొద్ది సెకనుల లయ వందలకొలది హిప్ హాప్ పాటలకు పునాది యయ్యెను. పాటపై హక్కు అతనిది కానందున ఆ వాడుకవలన అతనికి దక్కినది బహు స్వల్పము. 2017లో అతడు మరణించెను. పాత రికార్డులలో వాయించినవారిలో పలువురు ఇట్టి పేద వాద్యకారులే. వారికి ప్రతిఫలము కావలెననుట ధర్మము. కాని చట్టము విధించిన వెలలు తరచుగా హక్కులు కొన్న సంస్థలకే చేరినవి. వాయించినవాడు నష్టపడెను, కూర్చువాడును నష్టపడెను.

‘పాల్స్ బొటీక్’తో పాటు 1989లోనే వెలువడిన డి లా సోల్ బృందము యొక్క తొలి ఆల్బమ్ గతి దీనికి నిదర్శనము. ఆనాటి అనుమతులు కొత్త సాధనములకు వర్తించునో లేదో తేలక, ఆ ఆల్బమ్ 2023 మార్చి 3 వరకు ఇంటర్నెట్ సంగీతశాలలలో చేరలేకపోయెను. అందలి సభ్యుడు డేవిడ్ జాలికోర్ ఆ దినము చూడకయే మూడు వారములకు ముందు కన్నుమూసెను.

తమ్ము తామే మరల విన్నవారు

ఇంత చెప్పినంతమాత్రమున ‘పాల్స్ బొటీక్’ నిర్దోషమని కాదు. తుపాకుల గొప్పలు, మోటు పరిహాసములు అందును ఉన్నవి. మలి వినికిడి యనగా దోషములను మన్నించుట కాదు. గుణములను కూడ లెక్కలోనికి తెచ్చుకొనుట. ఈ బృందము యెడల మెచ్చదగినది మరియొకటి యున్నది. శ్రోతలు వారిని మరల వినుటకు మొదలుపెట్టిన కాలమునందే వారును తమ్ము తాము మరల వినుకొనిరి. 1994లో వచ్చిన ఒక పాటలో ఆడమ్ యౌక్ స్త్రీలను అగౌరవపరచు ధోరణి ఇక చాలునని చెప్పి, తల్లులకును అక్కచెల్లెండ్రకును గౌరవము తెలిపెను. 1999లో ఆడమ్ హొరోవిట్జ్ తమ పూర్వపు మాటలలోని కుసంస్కారమునకు పత్రికాముఖమున క్షమాపణ కోరెను. తొలి ఆల్బమ్ విని చెవులు మూసికొన్నవారి అభ్యంతరము సరియైనదేనని ఈ విధముగా రచయితలే ఒప్పుకొనిరి.

ఓటమియు వారిని మార్చినది. 1992లో వెలువడిన ‘చెక్ యువర్ హెడ్’ నాటికి వారు మరల వాద్యములు చేతబట్టి స్వయముగా వాయించుచుండిరి. ‘పాల్స్ బొటీక్’ మాత్రము ఒక చెవినుండి మరొక చెవికి చేరుచు, దశాబ్దము గడచి 1999 వచ్చునప్పటికి అమెరికాలో ఇరువది లక్షల ప్రతుల గుర్తింపు పొందెను. నేడు హిప్ హాప్ చరిత్ర వ్రాయువా డెవడును దానిని విడిచి ముందునకు సాగలేడు. 2012 ఏప్రిల్‌లో బృందమునకు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించెను. క్యాన్సర్‌తో బాధపడుచున్న యౌక్ ఆ సభకు రాలేకపోయెను. మే 4న నలువదియేడేండ్ల వయసున మరణించెను. ఆయనతోనే బృందమును ముగిసినది.

ఆల్బమ్ అట్టపైనున్న ఛాయాచిత్రము మాన్‌హాటన్‌లోని లడ్లో, రివింగ్టన్ వీధులు కలియు మూలను చూపును. ఆ మూలకు బృందము పేరు పెట్టవలెనని అభిమానులు కోరగా, 2014లో స్థానిక సంఘము నిరాకరించెను. కోరిక మరల ముందునకు వచ్చినప్పుడు నగరపాలక సభ ఆమోదించెను. 2023 సెప్టెంబరు 9న అది ‘బీస్టీ బాయ్స్ స్క్వేర్’ అయినది. వీధిమూలకు సైతము రెండవ విచారణలోనే న్యాయము జరిగినది.

అయినను గౌరవములు తెచ్చియీయలేనిది ఒకటి కలదు. 1989 నాటి జనము ఈ ఆల్బమును అప్పుడే శ్రద్ధగా విని ఆదరించియుండినచో, అట్టి రచనలు మరికొన్ని, మార్గము మూసికొనక ముందే, పుట్టియుండెడివేమో. రెండున్నర యేండ్ల వ్యవధి మాత్రమే అప్పటికి మిగిలియున్నది. శ్రోతకు మలి వినికిడి ఎప్పుడైనను దొరకును. ఆల్బమ్ ఎక్కడికిని పోదు. కళాకారునికి మాత్రము కాలము ఆగదు. నచ్చని పాటను మరల వినుట పాటకు చేయు దయ యని తలచువారు పొరబడుచున్నారు. అది శ్రోత తీర్పవలసిన బాకీ. బాకీని గడువులోపల తీర్చినప్పుడే ఇచ్చినవానికి అది అక్కరకు వచ్చును.